పొగ చేయని నేరం

పోయిన వారం సూర్యకళని రాజమండ్రి కంటాసుపత్రిలో, గడ్డం ఆనించే చట్రంలో మొహం పెట్టించి అలాగే వదిలేసి ఎవరి దారిన వాళ్ళం పోయాం. పాపం, ఆ మనిషి ఇంకా అక్కడే ఉంది. ఆత్రేయపురం పక్క ఊళ్ళో పూతరేకులు తీసే సూర్యకళ. నలభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో ఒక్కతే. కుడి కన్ను ఎర్రబడడం, చుక్కలు వేస్తే తగ్గడం, మానేస్తే మళ్ళీ రావడం. అలా సాగి సాగి ఆ కంటిచూపు సగానికి సగం మసకేసిపోయింది. ఇప్పుడు ఎడమ కంట్లోనూ అదే ఎరుపు, అదే పోటు. ఇది కూడా పోతే ఆవిడకి చూపూ ఉండదు, తిండి పెట్టే పనీ ఉండదు.

ఊళ్ళో అందరూ చెప్పింది ఒక్కటే: కుండ పొగ. పూతరేకుల ఊళ్ళలో కంటికి ఏం వచ్చినా ముద్దాయి పొగే. దాని తరఫున వాదించడానికి ప్లీడరు కూడా ఉండడు. సూర్యకళ వాళ్ళమ్మ వీరదుర్గకీ ఇలాగే ముందు ఒక కన్ను, తరవాత రెండోదీ పోయాయి. అదీ పొగకే అన్నారు. అందుకని సూర్యకళ వినాయకచవితి ఆర్డర్లు అయిపోగానే పొయ్యి ఆపేసి కుండని అటకెక్కించేసింది. కార్తీకమాసం వచ్చింది, ఇంట్లో పొగ లేదు, కన్ను మాత్రం మళ్ళీ ఎర్రబడింది. అప్పుడు గదా మళ్ళీ రాజమండ్రి బయల్దేరింది!

డాక్టర్ ప్రసన్నకుమార్ రెండు కళ్ళల్లోకీ చాలాసేపు చూసి, లైటు ఆర్పి, కుర్చీ వెనక్కి జరిపి ఒక ప్రశ్న వేశాడు. అక్కడ ఆగాం.

"సూర్యకళ గారూ, మీ కడుపు ఎలా ఉంటుందండీ?"

కంటి డాక్టరుకి కడుపుతో పనేంటని మీకు అనిపించి ఉంటుంది. సూర్యకళకీ అలాగే అనిపించి ఉంటే బాగుండేది. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడింది.

"ఆయ్, నా కడుపుకేంటండీ, బాగానే ఉంటుంది," అంది. ఆయన మాట ఇంకా గాల్లో ఉండగానే అనేసింది.

"విరేచనాలు అవుతుంటాయా?"

"అబ్బే."

"కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి? ఎప్పుడైనా నెత్తురు పడడం? నోట్లో పుళ్ళు?"

"లేవండి. అలాంటివేం లేవండి."

"కిందటిసారికీ ఇప్పటికీ బాగా చిక్కిపోయారు."

"ఎండలకండీ."

"కార్తీకమాసంలో ఎండలేంటండీ?" అన్నాడు డాక్టరు, నవ్వకుండా.

సూర్యకళ తల తిప్పింది. తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న రత్నమాణిక్యం వైపు ఓ చూపు చూసింది. కళ్ళల్లో మందేశారు కాబట్టి ఆవిడ మొహం అలుక్కుపోయి కనిపించింది, కానీ ఆవిడ చెవులు రిక్కించి ఉన్నాయని తెలియడానికి చూపు అక్కర్లేదు. మాణిక్యం పొరుగింటి ఆవిడ. సూర్యకళ తీసిన రేకుల్లో నెయ్యి రాసి బెల్లం పొడి చల్లి చుట్టేది ఆవిడే. చుట్టరికం లేకపోయినా వదిన. మనసు మంచిదే గానీ నోట్లో నువ్వు గింజ నానదు. ఆవిడ చెవిన పొద్దున్న పడ్డ మాట మధ్యాహ్నం భోజనాల వేళకి ఊరి మూడు రేవుల్లోనూ తిరుగుతూ ఉంటుంది. కళ్ళల్లో మందేస్తే ఒక్కరూ తిరిగి వెళ్ళలేరు, తోడు తెచ్చుకోండని ఆసుపత్రి వాళ్ళే చెప్పబట్టి తెచ్చుకుంది. తోడు రమ్మనడానికి ఆ గడప తప్ప సూర్యకళకి ఇంకో గడప మిగల్లేదు.

ఇక నిజం మాట్లాడుకుందాం. సూర్యకళ కడుపు బాగాలేదు. ఏళ్ళ తరబడి బాగాలేదు.

రేకు తీసే పని చూసిన వాళ్ళకి తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి కమ్మలతో మంట పెడతారు. కుండ ఒక వేడికి రావాలి. అంతకంటే తగ్గితే రేకు లేవదు, పెరిగితే మాడిపోతుంది. ఆ వేడి అందాక పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు తేలుతుంది. అంచు లేవగానే తీయాలి, మళ్ళీ ముంచాలి, మళ్ళీ లాగాలి. కుండ వేడిమీద ఉండగా కూర్చున్న మనిషి లేవకూడదు. లేస్తే వేడి చెడుతుంది, ఆ పూట సరుకు పోతుంది. మరి గడియకోసారి పెరట్లోకి పరిగెత్తాల్సిన మనిషి ఈ పని ఎలా చేస్తుంది?

ఎలా చేసిందంటే, తినడం మానేసి చేసింది. పొద్దున్న కుండ పెట్టాలంటే ముందు రోజు మధ్యాహ్నంతో కంచం కడిగేసేది. పెద్ద ఆర్డరుంటే మెడికల్ షాపులో మోషన్లు కట్టే మాత్రా, దానికి తోడు యాంటీబయాటిక్ మాత్రా అడిగి తెచ్చుకుని మింగేది. చీటీ లేకుండా ఇచ్చేవాడు, తెలిసిన మనిషే కదా అని. ఆ రెండ్రోజులూ కడుపు నోరు మూసుకుని ఉండేది. తరవాత వడ్డీతో సహా వసూలు చేసుకునేది.

పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. బంతిలో కూర్చుని మధ్యలో లేచిపోతే నలుగురూ ఏమనుకుంటారు? బస్సెక్కడం మానేసింది. దారి మధ్యలో ఆపమని ఎవర్నడుగుతుంది? ఎవరైనా ఇంటికొస్తే గుమ్మంలోనే మాట్లాడి పంపేసేది. ఒకటి రెండేళ్ళు పిలిచారు, తరవాత పిలవడం మానేశారు. "సూర్యకళకి నాలుగు డబ్బులు కళ్ళబడ్డాక పొగరెక్కింది," అన్నారు. ఆ మాట ఆవిడ చెవినా పడింది. పడినా పోనీలే అనుకుంది. పొగరంటే భరించవచ్చు, అసలు సంగతి తెలిస్తే భరించలేదు. ఏకాకి బతుకు ఎవరో ఇస్తే వచ్చేది కాదు, ఇలా ఒక్కో పిలుపుకీ రానని చెప్పుకుంటూ మనమే కట్టుకుంటాం.

ఎందుకింత దాపరికం అంటారా? రావులపాలెంలో హరిబాబు స్వీట్ల కొట్టుకి సరుకంతా ఈవిడదే. తినే వస్తువు చేసే మనిషికి కడుపు జబ్బని తెలిస్తే ఆ రేకు ఎవరు నోట్లో పెట్టుకుంటారు? వాళ్ళమ్మ ఎప్పుడూ అంటుండేది, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని. సూర్యకళ ఆ మాటని మంత్రోపదేశంలా పట్టుకుంది.

డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. తరవాత చాలా మెల్లిగా చెప్పాడు.

"చూడండమ్మా. మీ కంట్లో లోపలి పొర వాచింది. యువియైటిస్ అంటాం. చుక్కలతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం. ఇక వాటితో లాభం లేదు. ఆ చుక్కల వల్ల కంట్లో ప్రెషరు కూడా పెరుగుతోంది. లోపలికి గట్టి మందు ఇవ్వాలి. ఏ మందన్నది మీ కడుపుని బట్టి ఉంటుంది. కొన్ని మందులు కంటికీ కడుపుకీ రెంటికీ మేలు చేస్తాయి. కొన్ని పేగు వాపుని ఇంకా రెచ్చగొడతాయి. అందుకే అన్నిసార్లు అడిగాను."

"ఎడమ కన్ను నాకు దక్కుతుందాండీ?"

"సరైన మందు తొందరగా పడితే దక్కుతుందనే అనుకుంటున్నాను. తప్పు దారిలో వెళ్తే నేను మాటివ్వలేను. మరి కడుపు బాగానే ఉందంటున్నారు కాబట్టి..." అంటూ ఆయన కలం తీసి కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

చెప్పవే పిచ్చిదానా! చల్లకొచ్చి ముంత దాచడం అంటే ఇదే. కన్ను పోతుందని ఆయన మొహం మీద చెప్పాడు. ఒక్క మాట చాలు, ఆ కలం ఆగుతుంది. సూర్యకళ పెదాలు కదిలాయి. తలుపు పక్కన స్టూలు కిర్రుమంది. పెదాలు మూసుకుపోయాయి.

"డాక్టరు గారూ, ఆ రాసేది ఆపండి బాబూ," అంది రత్నమాణిక్యం.

గదిలో ఉన్న నర్సుతో సహా అందరూ అటు తిరిగారు.

"ఆవిడ కడుపు బాగోదండి. ఎప్పుడూ బాగోదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్నిసార్లు పెరట్లోకెళ్తుందో లెక్కుండదు. నెత్తురు కూడా పడుతుందండి, పెరటి గట్టు మీద నేను చూశాను. నిన్న మధ్యాహ్నం నుంచి మెతుకు ముట్టలేదు. దారిలో ఆటో ఆపించి ఇడ్లీలు కొంటే నాకు వద్దంటే వద్దంది. ఈ ఆసుపత్రిలో అడుగు పెట్టగానే మొదట వెతుక్కుంది బాత్రూం ఎక్కడుందా అని. కళ్ళు కనబడకపోయినా ఆ తలుపు మాత్రం కనబడింది."

"వదినా!" సూర్యకళ గొంతు పగిలింది. "నువ్వు నోర్ముయ్యి వదినా."

"మూసుకునే ఉన్నానమ్మా ఇన్నాళ్ళూ."

సూర్యకళకి ఒంటి మీద బట్టలు లాగేసినట్టయింది. మగమనిషి ముందు, తెల్లకోటు వేసుకున్న నర్సమ్మ ముందు, ఇన్నేళ్ళుగా గోడ కట్టి దాచుకున్నదంతా నేలపాలైపోయింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. ఎటు వెళ్తుంది? మందేసిన కళ్ళకి తలుపెటుందో కిటికీ ఎటుందో తెలియడం లేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

డాక్టరు కంగారు పడలేదు, జాలి మాటలూ చెప్పలేదు. నర్సుని బయటికి పంపి, రాసిన కాగితం చింపి బుట్టలో వేశాడు. "ఇప్పుడు మీరే చెప్పండి. మొదట్నుంచీ," అన్నాడు.

సూర్యకళ చెప్పింది. మొదట గొణిగింది, తరవాత గొంతు పెగిలింది. తన జబ్బు గురించి తన గొంతు మాట్లాడుతుంటే వినడం ఆవిడకి అదే మొదటిసారి. నడుం పొద్దున్నే పట్టేస్తుందని చెప్పింది, మాత్రల సంగతి చెప్పింది, నెత్తురు సంగతి చెప్పింది. చెప్పడం అయ్యాక పైట కొంగుతో మొహం తుడుచుకుని, "ఇదంతా కడుపు జబ్బు కదండీ. కంటికీ దీనికీ ఏంటండీ సంబంధం?" అని అడిగింది.

"మీ ఇంట్లో పెరుగు తోడేస్తారా?"

"ఎందుకెయ్యనండీ!"

"తోడులో ఉండేవి కంటికి కనబడని జీవులే. మన పేగుల్లో అలాంటివి కోట్లకు కోట్లుంటాయి. మనతోపాటే తింటాయి, మనతోపాటే బతుకుతాయి. మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. వాటి మధ్య పొత్తు కుదిరినంతకాలం గొడవ లేదు. ఆ పొత్తు చెడితే పేగు గోడ వాస్తుంది. మన ఒంట్లో శత్రువుల్ని కొట్టడానికి కాపలా కణాలుంటాయి కదా, అవి అక్కడ రెచ్చిపోయి నెత్తుట్లో పడి తిరుగుతాయి. తిరిగి తిరిగి కంటి దాకా వచ్చి, కంటిని చూసి ఇదీ శత్రువే అనుకుని మీద పడతాయి. అలా జరగవచ్చని ఎలుకల్లో చూశారు. ఇలాంటి కంటి జబ్బున్న మనుషుల పేగుల్లోనూ ఆ జీవుల పొత్తు తేడాగా ఉందని చూశారు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంకా తేలలేదమ్మా. అందరికీ ఇదేనని నేను అనను. కానీ పేగు వాపు జబ్బున్న వాళ్ళకి కళ్ళూ ఇలా వాచడం మాకు కొత్త కాదు."

"నేను మింగిన మాత్రలు?"

"ఆ మాత్రలకి మంచివేవో చెడ్డవేవో తెలీదు. దొరికిన వాటినల్లా చంపుతాయి. అవసరమైనప్పుడు అవి ప్రాణం నిలబెడతాయి. ఆర్డరు కోసం మింగేవి మాత్రం కావు."

సూర్యకళ తల దించుకుంది. అన్నిటికంటే భయమైన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. చివరికి అడిగేసింది. "నా చేతి రేకులు తిన్న వాళ్ళకి ఇది అంటుకుంటుందాండీ?"

"నేను అనుకుంటున్న జబ్బే అయితే అంటుకోదు. అదేనో కాదో లోపల కెమెరా పెట్టి చూస్తే గానీ తేలదు. రేపు పొద్దున్నే పేగుల డాక్టరు దగ్గరికి నేనే పంపిస్తాను. ఆలస్యం పనికిరాదు. రేపంటే రేపే." డాక్టరు ఆగి, "మీ ఇంట్లో ఇంకెవరికైనా కళ్ళు ఇలా వచ్చాయా?" అన్నాడు.

"మా అమ్మకండీ. అది వేరండి. అది పొగకి."

"ఎవరు చెప్పారు?"

"అందరూ!"

"పొగకి కళ్ళు మండుతాయి, నీళ్ళు కారతాయి, పాడవుతాయి కూడా. కాదనను. కానీ మీరు పొయ్యి ఆపేసి ఎన్నాళ్ళయింది? పొగ లేని ఇంట్లో కన్ను మళ్ళీ ఎందుకు వాచింది? నేను చూడని మనిషి గురించి నేను చెప్పకూడదు. మీరు చూశారు కదా, మీరే చెప్పండి. మీ అమ్మగారి కడుపు ఎలా ఉండేది?"

సూర్యకళ నోరు తెరిచింది. బాగానే ఉండేదండీ అందామనుకుంది.

తెల్లవారుజామున చెంబు పట్టుకుని కొబ్బరితోటలోకి నడిచే అమ్మ కనిపించింది. తిరిగొచ్చి, పొయ్యి వెలిగించి, మళ్ళీ చెంబు పట్టుకునే అమ్మ. పండగ పూట అందరికీ వడ్డించి, "నాకు ఆకలి లేదర్రా," అనే అమ్మ. చుట్టాలింటికి ఎప్పుడూ వెళ్ళని అమ్మ. అమ్మకి మనుషులు పడరని అనుకునేవాళ్ళు పిల్లలిద్దరూ. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్న సామెత ఆవిడ ఊరికే అనలేదు. ఊళ్ళో ఒక్కళ్ళూ, కన్న కూతురుతో సహా ఒక్కళ్ళూ ఆవిడ కడుపు సంగతి అడగలేదు. కళ్ళు పోయాక అందరూ వచ్చి పొగని తిట్టి వెళ్ళారు.

"ఉండేది కాదండీ," అంది సూర్యకళ. "బాగుండేది కాదండీ."

డాక్టరు తలూపాడు. "ఇది కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది. మీకు తోబుట్టువులుంటే ఓసారి కనుక్కోండి. రేపు పరీక్షకి కూడా ఇంటి మనిషి ఒకరు ఉంటే మంచిది."

బయట వరండాలో, మందుల కొట్టు పక్కన బెంచీ మీద కూలబడ్డారు ఇద్దరూ. ఆసుపత్రి వాళ్ళిచ్చిన నల్లద్దాలు పెట్టుకున్నా వెలుతురు సూదుల్లా గుచ్చుతోంది. సూర్యకళ మాణిక్యం వైపు తిరగలేదు.

"ఎవరెవరికి చెప్పావు వదినా?"

"ఏంటి?"

"నా సంగతి. ఊళ్ళో ఎవరెవరికి తెలుసు?"

మాణిక్యానికి కోపం వచ్చింది. ఆవిడకి కోపం వస్తే ముందు ముక్కు ఎగబీలుస్తుంది. "నా నోట్లో నువ్వు గింజ నానదంటారు కదా అందరూ? అదీ నిజమే, నేను కాదనను. సత్తియ్య గారి ఇంట్లో గొడవ నేనే ఊరంతా చెప్పాను. కానీ నీ గింజ నానబెట్టానే తల్లీ. ఏళ్ళ తరబడి నానబెట్టాను, ఉబ్బి నా గొంతుకి అడ్డం పడినా కక్కలేదు. నువ్వు పెరట్లోకి పరిగెత్తినప్పుడల్లా హరిబాబు మనిషిని వీధిలో నిలబెట్టి నా కోడలి మీద చాడీలు చెప్పింది ఎందుకనుకున్నావు? వాడు లోపలికి రాకుండా ఉండడానికి. మా కోడలు బంగారం!"

సూర్యకళకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నాతో ఒక్క మాట అనొచ్చు కదా?"

"నువ్వు అననిస్తేగా! గుమ్మం దాటనిస్తేగా. నువ్వు ఒక్కదానివీ లోపల, నేను ఒక్కదాన్నీ బయట. ఇద్దరికీ తెలిసిన సంగతే ఇద్దరం మింగుతూ కూర్చున్నాం. ఎంత తెలివిగలవాళ్ళమో చూడు."

సూర్యకళ చెయ్యి చాపి తడిమితే మాణిక్యం చెయ్యి దొరికింది. చాలాసేపు వదల్లేదు. ఒక మనిషి చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

"వదినా, నా ఫోన్లో పావని నంబరు నొక్కు. నాకు కనబడడం లేదు."

పావని సూర్యకళ చెల్లెలు. తల్లి రెండో కన్ను పోయిన ఏడాది సూర్యకళ కుండ ముందు కూర్చుంది. చెల్లెల్ని మాత్రం పొయ్యి ఛాయలకి రానివ్వలేదు. పొగలోకి వస్తే కట్టె తీసుకుని తరిమేది. "మన ఇంట్లో కళ్ళున్న మనిషి ఒకత్తయినా మిగలాలే," అనేది. తనకొచ్చిన సంబంధాలన్నీ తిరగ్గొట్టి, చెల్లెలికి మాత్రం ఏరి కోరి జంగారెడ్డిగూడెం సంబంధం చేసింది. ఆ మెట్ట ప్రాంతంలో పామాయిల్ తోటలుంటాయి, జీడిమామిడి తోటలుంటాయి, పూతరేకుల కుండ మాత్రం ఉండదు. ఆ ఒక్క కారణానికే పెళ్ళికొడుకు నచ్చాడు.

అలాంటి చెల్లెలి కూతురి ఓణీల వేడుకకి సూర్యకళ వెళ్ళలేదు. ఆ పిల్లని అడిగి మరీ రంగు ఎంచి కొన్న పట్టు ఓణీ పార్సెల్లో పంపింది. రెండు గంటల బస్సు ప్రయాణం ఆవిడకి దాటలేని గోదారి అయింది. "సొంత పెద్దమ్మ రాని వేడుక నాకెందుకు చేయించావు?" అని పావని మొగుడి ముందు, అత్తగారి ముందు ఆ పిల్ల ఏడ్చిందట. ఆ రోజు నుంచీ అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు.

ఫోను చాలాసేపు మోగింది. ఆగిపోతుందనగా ఎత్తారు.

"చెప్పండి," అంది పావని.

మన గోదారి వాళ్ళకి అండీ అన్నది నాలిక చివరే ఉంటుంది. అడ్డమొచ్చిన దూడని కూడా కాస్త జరగండి అంటాం. కానీ తోడబుట్టినది అక్కని అండీ అంటే అది మర్యాద కాదు, గడప బయట నిలబెట్టడం.

"నేనేనే, అక్కని."

"తెలుసండి. నంబరు ఉంది."

"రాజమండ్రి కంటాసుపత్రిలో ఉన్నానే పావనీ. రెండో కంటిక్కూడా వచ్చింది."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"అమ్మకి లాగేనా?" అంది పావని. గొంతు మారింది.

"అమ్మకి లాగే. అప్పుడు నీ దగ్గరికి రాకపోవడం పొగరుతో కాదే. ఎందుకో చెప్తాను, ఫోన్లో కాదు. ఎదురుగా కూర్చుని చెప్తాను. ముందు ఇది చెప్పు. మీరందరూ కులాసానేనా? నీ కళ్ళు బాగున్నాయా?"

సూర్యకళ ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఏం లేదులే అక్కా," అంది పావని. అండీ పోయింది, అక్క తిరిగొచ్చింది. కానీ ఆ సంతోషం సూర్యకళకి దక్కలేదు. "దసరా నుంచి ఎడం కన్ను ఎర్రబడింది. కళ్ళకలక అన్నారు మెడికల్ షాపులో. చుక్కలిచ్చారు. వేస్తే తగ్గుతోంది, మానేస్తే మళ్ళీ వస్తోంది. ఎండలోకి వెళ్తే పోటు. పామాయిల్ గెలలు కొట్టిన దుమ్ము పడి ఉంటుందంటారు ఈయన."

అక్కడ దుమ్మట. ఇక్కడ పొగట. రేకు తీసే గుడ్డని జన్మలో ముట్టుకోని పిల్ల, ఒక్క రోజు కుండ ముందు కూర్చోని పిల్ల. ఈ పిల్ల కళ్ళ కోసమేగా తను అక్కడ కూర్చుంది! పెళ్ళి వద్దనుకున్నది, ఇల్లు బోసిగా ఉంచుకున్నది, ఆ మంట ముందు పగళ్ళన్నీ ఒక్కతే గడిపింది దీని కోసమేగా. పొగకి అడ్డం నిలబడ్డానని ఇన్నేళ్ళూ అనుకుంది. వచ్చేది పొగలోంచి కాదు. అది ఎప్పుడో అమ్మ కడుపులోంచే ఇద్దరితోనూ బయల్దేరి వచ్చేసిందేమో.

"అక్కా? ఉన్నావా?"

"ఉన్నానే." సూర్యకళ గుక్క తిప్పుకుంది. పొద్దున్న తనని నిలువునా వణికించిన ప్రశ్న ఇప్పుడు తనే అడగాలి. అడగకుండా అమ్మని పోగొట్టుకున్నారు. "పావనీ, నీ కడుపు ఎలా ఉంటోందే?"

"నా కడుపుకేంటక్కా, బాగానే ఉంటుంది," అంది పావని.

ఠక్కున అంది. అక్క మాట ఇంకా గాల్లో ఉండగానే అనేసింది.

సూర్యకళకి ఆ తొందర తెలుసు. ఆ గొంతు తెలుసు. ఫోనులో ఇంకొక్క మాట అడిగినా ఆ పిల్ల తలుపు వేసేసుకుంటుందనీ తెలుసు. తనైతే అదే చేస్తుంది.

"సరేలే, పని చూసుకో," అని పెట్టేసింది.

"ఏమందీ?" అంది మాణిక్యం.

సూర్యకళ బెంచీ పట్టుకుని లేచి నిలబడింది. రేపు పొద్దున్నే తను ఇక్కడ ఉండాలి, లేకపోతే ఎడమ కన్నుకి పూచీ లేదన్నాడు డాక్టరు. ఈలోగా వెళ్ళి పావనిని ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి. కళ్ళు కనబడడం లేదు. కడుపులో అప్పుడే మెలి మొదలైంది.

"వదినా, జంగారెడ్డిగూడెం బస్సు ఎన్నింటికుందో కనుక్కో," అంది. "ఎక్కుతాను."